ముడి విప్పినవారి పేరు

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు పరీక్షకురాలు తన బల్ల ముందు కూర్చుని కంప్యూటరు తెరిచేసరికి, ఎర్రగా ఉండవలసిన గడి ఆకుపచ్చగా కనిపించింది. ఆమె కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. గడి ఆకుపచ్చగానే ఉంది.

ఆ సంస్థ ఆసుపత్రుల్లో వాడే మందు పంపులకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. రోగి మంచం పక్కన కడ్డీకి బిగించి ఉండే చిన్న పెట్టె అది. గంటకు ఎంత ఎక్కించాలో నర్సు అంకె నొక్కితే, అంత మందు నరంలోకి పంపుతుంది. సంస్థలో పనంతా టికెట్ల మీద నడుస్తుంది. కనబడిన ప్రతి లోపానికీ, చేయవలసిన ప్రతి పనికీ ట్రాకరులో ఒక టికెట్టు ఉంటుంది. ఫలానా పని ముగియనిదే ఫలానా పని ముందుకు పోరాదు అనుకున్నప్పుడు ఆ రెండు టికెట్లనూ ఒక లింకుతో కలుపుతారు. ఆ లింకును అక్కడ అందరూ ముడి అంటారు. ముడి ఉన్నంతకాలం, ఆగవలసిన టికెట్టు గడి ఎర్రగా ఉంటుంది. ముడి పోతే ఆకుపచ్చ అవుతుంది. ఆకుపచ్చ అయినదాన్ని ఆపడం ఎవరి పనీ కాదు.

ఆరు వారాల కిందట పరీక్షకురాలు ఒక లోపాన్ని పట్టుకుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వేసిన పంపును గోడ ప్లగ్గు నుంచి తీసి బ్యాటరీ మీద నడిపినప్పుడు, కొన్నిసార్లు అది ఇప్పటి రోగికి పెట్టిన అంకెను మరచి, అంతకు ముందు అదే పంపు వాడిన రోగి అంకెను పట్టుకుంటోంది. తెర మీద మాత్రం సరైన అంకె కనబడుతూనే ఉంటుంది. తెర గంటకు రెండు అంటుంది. గొట్టంలో గంటకు ఇరవై పోతుంది. రోగిని ఒక గది నుంచి మరొక గదికి తీసుకెళ్ళే ప్రతిసారీ ప్లగ్గు తీయక తప్పదు. ఆమె ఆ లోపానికి టికెట్టు రాసి, విడుదల టికెట్టును దానికి ముడివేసింది. లోపం తీరేదాకా ఆ సాఫ్ట్‌వేర్ ఏ ఆసుపత్రికీ వెళ్ళరాదు.

విడుదల ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకు, అరవై ఆసుపత్రులకు. లోపం టికెట్టు తెరిచే ఉంది. ముడి లేదు.

తనను వెనుక ‘ముళ్ళక్క’ అని పిలుస్తారని ఆమెకు తెలుసు. పదమూడేళ్ళుగా ముడులు వేస్తూనే ఉంది. పని తీరకముందు ఒక్కటి కూడా విప్పలేదు. ఆమె చరిత్ర పేజీ తెరిచింది. ట్రాకరులో ఎవరు ఏ మార్పు చేసినా తేదీ, వేళ, పేరు అక్కడ పడతాయి. చివరి వరుసలో ఇలా ఉంది: ముడి విప్పబడినది, బుధవారం, మధ్యాహ్నం ఒంటి గంట పది. విప్పినవారు అన్న చోట ఉన్నది ఆమె పేరే.

కిందటి సంవత్సరం ఇటువంటి వరుసనే ఆమె మరొకరి పేరుతో చూసింది. అప్పుడు ఆ సంస్థలో ఒక పెద్ద పరీక్షకుడు ఉండేవాడు. అందరూ మాస్టారు అనేవారు. ఆమెకు పని నేర్పినవాడు ఆయనే. గొట్టంలో గాలి బుడగ వచ్చినా పంపు గంట మోగించడం లేదని ఆయన టికెట్టు రాసి విడుదలకు ముడివేశాడు. ముడి ఊడింది, పంపులు వెళ్ళాయి, శస్త్రచికిత్స అయిన మూడో రోజున ఒక వార్డులో ఒకామె నిద్ర లేవలేదు. ముడి విప్పినవారి చోట మాస్టారి పేరు ఉంది. “నేను విప్పలేదు. ఆ వేళకు నేను అన్నం తింటున్నాను” అని ఆయన చెప్పాడు. విచారణకు కూర్చున్న ముగ్గురిలో పరీక్షకురాలు ఒకతె. “ఫోను మీదనుంచి కూడా విప్పవచ్చు కదా, మాస్టారూ” అన్నది ఆమే. ఆయనను పంపివేసిన కాగితం మీద మూడో సంతకం ఆమెది.

ఆమె లేచి, వరండా చివరి గదికి వెళ్ళింది.

ఆ గదిలో ట్రాకరును నిర్వహించేది ఆమె ఆడపడుచు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సులో వస్తారు, పొద్దున ఒకే పొయ్యి మీద వండిన అన్నాన్ని రెండు క్యారేజీల్లో సర్దుకుంటారు.

“ఏంటొదినా, మొహం అలా పెట్టావు? బస్సులో బానే ఉన్నావుగా.”

“అమ్మడూ, ఈ వరుస చూడు. బుధవారం నేను విప్పానట.”

ఆడపడుచు ఒక్క చూపు చూసి, చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టింది. “నువ్వు విప్పలేదులే. ఊడ్పు విప్పింది.”

“ఊడ్పు ఎవరు?”

“ఎవరూ కాదు. ప్రోగ్రాము. రోజూ ఒంటి గంట పదికి నడుస్తుంది. అందరూ భోజనాలకి పోతారు కదా, అప్పుడు ట్రాకరు ఖాళీగా ఉంటుందని ఆ టైము పెట్టాం.” ఆమె ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గీసింది. “ఇదిగో, విడుదల. ఇది నీ లోపం తీరాలని ఆగింది. ఆ ముడి నువ్వేశావు. నీ లోపం తీరాలంటే కొత్త బ్యాటరీ భాగం రావాలి, ఆ ముడి కోడు రాసే అమ్మాయి వేసింది. బ్యాటరీ భాగాన్ని పరీక్షించాలంటే కొత్త విడుదల కావాలి. అది బ్యాటరీ బావ వేశాడు. చూశావా? ఒకదాని వెనక ఒకటి, గుండ్రంగా తిరిగొచ్చింది. ఇలాంటి వలయం ఎప్పటికీ తెగదు. అందుకని నెల రోజులు చూసి, అప్పటికీ కదలకపోతే, ఊడ్పు అందులో అన్నిటికన్నా పాత ముడి ఏదో చూసి విప్పేస్తుంది.”

“పాతది నాది.”

“నీదే.”

“రోగిని కాపాడే ముడి ఏదో దానికి తెలుసా?”

“తేదీ తెలుసు దానికి. అంతే.”

“మరి నా పేరెందుకు పడింది?”

ఆడపడుచు కాగితం మీద మూడో గడిని మళ్ళీ మళ్ళీ దిద్దుతూ కూర్చుంది. “విప్పినవారు అన్న గడిని ఖాళీగా వదిలితే ట్రాకరు ఒప్పుకోదు వదినా. మనిషి పేరు ఉండాలి. అందుకని ముడి ఎవరు వేశారో వాళ్ళ పేరే పడేట్టు పెట్టాం. రెండేళ్ళ కిందట పెద్దసారు చెప్పాడు, పై వాళ్ళకి చూపించే పట్టికలో ఎరుపు ఎక్కువగా ఉందని. అందరికీ నోటీసు పంపాం. చదివానని అందరూ నొక్కారు. నువ్వూ నొక్కావు, కావాలంటే తీసి చూపిస్తా.”

పరీక్షకురాలు చూపించమనలేదు. నొక్కే ఉంటుంది. నెలకు నలభై నోటీసులు వస్తాయి, అన్నిటి కిందా నొక్కుతుంది. చదవనిదాన్ని చదివానని చెప్పడం అబద్ధమని చిన్నప్పుడు ఆమెకు బడిలో నేర్పారు; ఆఫీసులో దాన్ని అబద్ధమని ఎవరూ అనరు.

“మాస్టారి ముడిని కూడా ఊడ్పే విప్పిందా?”

“విప్పింది.”

“నీకు అప్పుడే తెలుసా?”

“తెలుసు.”

“ఏడాది పాటు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు.”

“నన్నెవరూ అడగలేదొదినా!” ఆడపడుచు గొంతు పెరిగింది. వెంటనే తలుపు వైపు చూసి తగ్గించుకుంది. “మీ ముగ్గురూ నన్ను పిలిచి, రికార్డులో ఎవరి పేరుందో తీసిమ్మన్నారు. తీసిచ్చాను. ఎవరు విప్పారని అడిగి ఉంటే చెప్పేదాన్ని. పెద్దసారు బయటే నిలబడున్నాడు. అడిగినదానికి జవాబు చెప్పండి, చాలు అన్నాడు. నేనేం చెయ్యను?”

పరీక్షకురాలు ఆమెను తిట్టలేదు. తిట్టే హక్కు తనకు ఉన్నదో లేదో నిశ్చయించుకోలేకపోయింది. “ముడి మళ్ళీ వెయ్యి” అంది.

“నా చేత కాదు. నిన్న మధ్యాహ్నం నుంచీ విడుదలకి తాళం పడింది. ఇక పెద్దసారు వెయ్యాలంతే.”

విడుదలలన్నీ చూసే పెద్దసారు పదకొండింటి దాకా సమావేశంలో ఉన్నాడు. ఆ లోగా ఆమె కోడు రాసే అమ్మాయి బల్ల దగ్గరకు, అక్కడినుంచి బ్యాటరీ బావ బల్ల దగ్గరకు వెళ్ళింది. బ్యాటరీ బావ ఎవరికీ బావ కాడు. బ్యాటరీ విభాగంలో ఉంటూ అందరితో మేలమాడతాడు కనుక ఆ పేరు పడింది.

“ఆరు వారాల్లో నా లోపాన్ని ఎవరూ ముట్టుకోలేదేం?” అని ఆమె అడిగింది.

“నా టికెట్టు ‘వేచి ఉంది’లో ఉంది మేడమ్. బావగారి భాగం కోసం” అంది అమ్మాయి.

“నాదీ వేచి ఉందిలోనే, ముళ్ళక్కా... అయ్యో, సారీ, అక్కా.” బావ నాలుక కరుచుకున్నాడు. “నేను విడుదల కోసం చూస్తున్నా. వేచి ఉన్నదాన్ని ఆలస్యం కింద లెక్కెయ్యరు కదా. ఈ నెల మా విభాగంలో ఒక్క ఆలస్యం కూడా లేదు తెలుసా? కేకు కోశారు.”

అతడు చెప్పినది నిజమే. ముగ్గురూ తమ ముడిని తాము సరిగ్గానే వేశారు. ముగ్గురూ ఎదుటివాని కోసం ఆగారు. ఆ ఆరు వారాల్లో ఆ లోపం మీద ఒక్క గంట పని కూడా జరగలేదు, ఒక్కరి పేరూ ఆలస్యపు పట్టికకు ఎక్కలేదు.

పెద్దసారు ఆమెను చూడగానే కుర్చీ లాగి వేశాడు. మంచి మాటకారి, ఎవరినీ ఏకవచనంతో పిలవడు. “రండమ్మా. ఎరుపు చూసి భయపడేవాళ్ళని చూశాను గానీ, ఆకుపచ్చ చూసి భయపడేది మీరొక్కరే.”

ఆమె కూర్చోకుండానే సంగతి చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“ముడి మళ్ళీ వెయ్యండి” అని ముగించింది.

“వేస్తే ఏమవుతుందో చెప్పమంటారా? తాళం పడ్డాక ముడి వేసినందుకు నేను కారణం రాయాలి. ముడి ఎందుకు ఊడిందని అడుగుతారు. ఊడ్పు అంటాను. ఊడ్పు ఎవరి పేరు రాస్తుందని అడుగుతారు. అక్కడినుంచి కిందటేడాదికి ఎంతసేపు? ఒక్క అడుగు.” ఆయన బల్ల మీద రెండు వేళ్ళను నడిపించి చూపాడు. “ఆ కాగితం మీద ఆమోదించినవాడిగా నా సంతకం ఉంది. మీదీ ఉంది.”

“ఉంది.”

“అదే చెబుతున్నా. ఆ లోపం ఎన్నిసార్లకి ఒకసారి వస్తుంది?”

“ముప్ఫైసార్లు ప్లగ్గు తీస్తే ఒకసారి.”

“చూశారా. సోమవారం పొద్దున్నే ముగ్గురినీ కూర్చోబెట్టి తీర్చేద్దాం. రెండు రోజులు. ఈ రెండు రోజుల్లో ఏమీ కాదు.”

“అరవై ఆసుపత్రుల్లో రెండు రోజుల్లో ఎన్నిసార్లు ప్లగ్గు తీస్తారో లెక్కేశారా?”

ఆయన చిరునవ్వు తగ్గలేదు కానీ, గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనమే ఆమెకు భయం కలిగించింది. “అమ్మా, రేపు ఏదైనా జరిగిందనుకోండి, జరగకూడదు, కానీ జరిగిందనుకోండి. చరిత్ర పేజీ తెరిస్తే ఎవరి పేరుంటుంది? నేను విప్పలేదు అంటారు మీరు. కిందటిసారి ఆ మాట మనం ఎంతవరకు నమ్మామో మీకు తెలీదా? ఆలోచించుకోండి. ఈ విడుదల సాఫీగా పోతే ఆ పేజీని ఎవరూ తెరవరు. భోజనం చేశారా?”

ఒంటి గంటకు ఆమె కంప్యూటరును చంకలో పెట్టుకుని భోజనాల గదికి వెళ్ళింది. క్యారేజీ తెరవలేదు. బ్యాటరీ బావ ఎదురుగా కూర్చుంది. అతడి టికెట్లన్నిటినీ తెర మీద పరచుకుంది. వాటిలో ఒక ముడి, ఈ రోజుతో నెల నిండే మరొక వలయంలో అన్నిటికన్నా పాతదని ఆడపడుచు కాగితం మీద గీసి ఇచ్చింది.

“ఏంటక్కా, అన్నం తినేవాడిని అలా చూడకూడదు, దిష్టి తగుల్తుంది” అన్నాడు బావ.

“తిను. నీ ఫోనెక్కడుంది?”

“చార్జింగులో, బల్ల మీద. ఎందుకు?”

ఒంటి గంట పది అయింది. బావ ఎడమ చేత్తో గిన్నె మూత పట్టుకుని, కుడి చేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. తెర మీద ఒక వరుస చప్పుడు లేకుండా పైకి జరిగింది, దాని కింద కొత్త వరుస చేరింది. ముడి విప్పబడినది. విప్పినవారి చోట బావ పేరు. అతడి వేళ్ళకు పెరుగు అంటి ఉంది.

ఆమె ఆ తెరను అతడి వైపు తిప్పింది. అతడు చదివాడు, మళ్ళీ చదివాడు. జోకు వేయలేదు. మెల్లగా గిన్నె మూత పెట్టేసి, “ఇది నేను కాదు” అన్నాడు. ఆ మాట అచ్చంగా మాస్టారు అన్నట్లే అన్నాడు.

సాక్ష్యం దొరికింది. విడుదలను ఆపే దారి మాత్రం దొరకలేదు. సాక్ష్యాన్ని వినవలసినవాడు సోమవారం వింటానన్నాడు. ఆమె వెనుక మెట్ల మీదకు వెళ్ళి, సంవత్సరంగా నొక్కని నంబరును నొక్కింది. మాస్టారి భార్య ఎత్తింది.

“ఎవరూ?”

పరీక్షకురాలు తానెవరో చెప్పింది.

“ఆయన మీతో మాట్లాడాలనుకుంటే మాట్లాడతారు. నేనైతే మాట్లాడను” అని ఫోను ఎవరికో అందించిన చప్పుడు వినిపించింది.

“చెప్పమ్మా.” మాస్టారి గొంతు సన్నబడింది.

“మాస్టారూ, మీ ముడిని మీరు విప్పలేదు. ప్రోగ్రాము విప్పింది. ఈ రోజు నాది కూడా విప్పింది. ఆ రోజు నేను...”

“విడుదల ఎన్నింటికి?”

“నాలుగింటికి. మాస్టారూ, ఆ రోజు నేను అన్న మాట...”

“ఆ మాటకి టైముంది. విడుదలకి లేదు. నియమాల పుస్తకం చివర అనుబంధాలుంటాయి. ఆరోది చూడు. సమ్మతి ఉపసంహరణ అని ఒక ఫారం ఉంది. ముడులు లేకపోతే పరీక్షకుల సమ్మతి ఉన్నట్టే లెక్క కదా? ఆ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. పైవాళ్ళ అనుమతి అక్కర్లేదు. విడుదలకి పది నిమిషాల ముందు దాకా తెరుచుకుంటుంది.”

“ఆ సంగతి మనకెవరూ చెప్పలేదే.”

“ఎవరూ వాడలేదు. ఎందుకు వాడలేదో విను. నువ్వు రాసిన కారణం ఉన్నదున్నట్టు ప్రతి ఆసుపత్రికీ వెళ్తుంది. చెరపడానికి వీల్లేదు. కారణం నిజమైతే మన పరువు పోతుంది, అబద్ధమైతే నీ ఉద్యోగం పోతుంది. నేను దాన్ని కనుక్కునేసరికి ఆ వార్డులోంచి ఆమెను తీసుకెళ్ళిపోయారమ్మా.”

ఫోను పెట్టేశాడు. ఆమె క్షమాపణ ఆమె దగ్గరే మిగిలిపోయింది. అది అక్కడ మిగలడమే న్యాయమని ఆమెకు తోచింది.

ఫారం దొరకడానికి అరగంట పట్టింది. రాయడానికి గంట పట్టింది. కారణం అన్న గడిలో ఆమె మొదట లోపం గురించి మాత్రమే రాసింది. రాసినదాన్ని చదువుకుంది. అంతే పంపితే విడుదల ఆగుతుంది. కానీ ముడిని తానే విప్పి, తానే ఆపిన మతిలేని మనిషిగా రికార్డులో మిగులుతుంది. పెద్దసారు ఆ ఒక్క వరుసను చూపించి, ఆమె మాటను కొట్టివేసి, గంటలో మళ్ళీ విడుదల చేయగలడు. ఉన్నదంతా చెప్పాలి, లేకపోతే చెప్పనే కూడదు. అందుకని ఆమె ఊడ్పు గురించి, ఆ సంగతి చెప్పిన ఆడపడుచు పేరుతో సహా రాసింది. చదవకుండా చదివానని నొక్కిన తన నోటీసు గురించి రాసింది. చివరగా, కిందటి సంవత్సరం తాను సంతకం చేసిన విచారణ తీర్పు తప్పని, ఆ వార్డులో చనిపోయిన మనిషి కుటుంబానికి సంస్థ చెప్పిన కారణం నిజం కాదని రాసింది. ఆ వాక్యం దగ్గర ఆమె చేయి ఆగింది. ఆ కుటుంబం ఎవరో ఆమెకు తెలియదు. విచారణలో ఆ పేరు ఎవరూ అడగలేదు, తానూ అడగలేదు.

మూడు నలభైకి పెద్దసారు ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు. ఆడపడుచు చెప్పిందో, ఫారం తెరవగానే ఆయనకు సందేశం వెళ్ళిందో తెలియదు. ఈసారి కుర్చీ లాగలేదు.

“చదవనివ్వండి.”

ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. ఆయన నిలబడి మొత్తం చదివాడు. చుట్టూ బల్లల దగ్గర ఉన్నవారు తమ తమ తెరల్లోకి తల దించుకున్నారు. టకటకమనే మీటల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయింది.

“ఇది పంపితే మీరు ఇక్కడ ఉండరు.”

“తెలుసు.”

“మీ ఆడపడుచు కూడా ఉండరు. ఊడ్పుని రాసింది ఆవిడే.”

అది ఆమె ఆలోచించని సంగతి. సాయంత్రం ఒకే బస్సులో ఇంటికి వెళ్ళాలి. భర్తకు ఏమని చెప్పాలి? నీ చెల్లెలి పేరు నేనే రాశానని చెప్పాలి. ఆమె తల తిప్పి చూసింది. ఆడపడుచు వరండా మలుపులో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

మూడు నలభై ఆరు. ఫారం కింద చిన్న అంకెలు వెనక్కి నడుస్తున్నాయి: మూడు నిమిషాల యాభై, మూడు నిమిషాల నలభై.

“వదినా,” ఆడపడుచు దగ్గరకు వచ్చి తెర మీదికి వంగింది. “నా పేరు తప్పు రాశావు. ఇంటిపేరు రాయలేదు. ఇన్ని ఆసుపత్రులకి పోయే కాగితం, పూర్తిగా రాయి.”

పెద్దసారు ఆమె వైపు తిరిగాడు. “నువ్వు కూడానా?” అన్నాడు. మర్యాద మరచి అన్న మాట అదొక్కటే.

“అడిగినదానికే జవాబు చెప్పమన్నారుగా సార్. ఆవిడ పొద్దున అడిగింది.”

పరీక్షకురాలు ఇంటిపేరు చేర్చింది. పంపింది.

విడుదల గడి ఎర్రబడింది. అరవై ఆసుపత్రులకు ఒకేసారి వెళ్ళిన సందేశం తెర మీద ఒక్క వరుసగా కనిపించింది. పెద్దసారు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అద్దం వెనుక ఆయన ఫోను చెవికి పెట్టుకుని, గోడ వైపు తిరిగి మాట్లాడుతూ కనిపించాడు. ఆఫీసులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బ్యాటరీ బావ మాత్రం ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

నాలుగయింది. ఏమీ జరగలేదు. ఆమె నీళ్ళ గ్లాసు ఎత్తబోయి, ఆగింది.

“అమ్మడూ, ఊడ్పు రెండేళ్ళుగా నడుస్తోందన్నావు.”

“ఆ.”

“రెండేళ్ళలో విడుదలల మీద ఉన్న ముడులు, ఈ బుధవారం నాది కాక, ఎన్ని విప్పింది?”

ఆడపడుచు పరీక్షకురాలి కుర్చీలోనే కూర్చుని, వెదకవలసినదేదో టైపు చేసింది. తెర మీద పట్టిక ఒకటి దిగింది. ముప్ఫై ఒక్క వరుసలు. ఒక్కో వరుసలో ఒక్కో మనిషి పేరు. అందరి పక్కనా ఒకే వేళ, ఒంటి గంట పది. ఆమె ఒక్కొక్క వరుసనూ తెరిచి, ఆ లోపం తరువాత ఎప్పుడైనా తీరిందో లేదో చూస్తూ వచ్చింది. తీరినవాటిని చెరిపింది. ఇరవై ఆరు పోయాయి. మిగిలిన ఐదూ ఇంకా తెరిచే ఉన్నాయి, ఐదూ ‘వేచి ఉంది’లోనే ఉన్నాయి. వాటి విడుదలలు నెలల కిందటే వెళ్ళిపోయాయి. అవి ఇప్పుడు వార్డుల్లో నడుస్తున్నాయి.

“మొదటిది చదువు” అంది పరీక్షకురాలు.

“పంపును తాత్కాలికంగా ఆపి మళ్ళీ నడిపిస్తే, ఆగిన కాలానికి ఇవ్వాల్సిన మందంతా ఒక్కసారిగా ఇచ్చేస్తోంది. అన్నిసార్లూ కాదు. ఐదు నిమిషాలకి పైన ఆపితేనే.” ఆడపడుచు వరుస చివరి అంకె చూసింది. “పదకొండు ఆసుపత్రుల్లో ఉంది.”

పరీక్షకురాలు బల్ల మీది ఫోను దగ్గరకు లాక్కుని, ఆ పదకొండింటి జాబితా తెరిచి, మొదటి ఆసుపత్రి నంబరును నొక్కింది. ఎవరో వార్డుకు కలిపారు. చాలాసేపు మోగిన తరువాత ఒక నర్సు ఎత్తింది. ఆమె వెనుక బండి చక్రాలు, ఎవరో దగ్గు, తెరిచిన కుళాయి.

“త్వరగా చెప్పండి, చేతిలో పనుంది.”

“మందు పంపుల సంస్థ నుంచి మాట్లాడుతున్నాను. మీ వార్డులో ఏ పంపునైనా ఆపి మళ్ళీ నడిపించారా, ఈ పూట?”

“ఆపకపోతే ఎలాగమ్మా? పక్క గుడ్డలు మార్చాలంటే ఆపాలి, ఒళ్ళు తుడవాలంటే ఆపాలి. ఇప్పుడే నాలుగో మంచం పెద్దావిడది ఆపాం. మా నర్సు అమ్మాయి మళ్ళీ పెడుతోంది. ఎందుకూ?”

“ఎంతసేపు ఆపారు?”

“పావుగంట. ఎందుకని అడుగుతున్నాను.”

“పెట్టనివ్వకండి. గొట్టం నొక్కి పట్టుకోమనండి. పంపును కాదు, గొట్టాన్ని. వెళ్ళండమ్మా, పరిగెత్తండి!”

ఫోను దేని మీదో పడిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు దూరమైంది. ఆ తరువాత కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తూ ఉంది.

పరీక్షకురాలు ఫోను చెవికి అదుముకుని నిలబడింది. పక్క బల్ల దగ్గర ఆడపడుచు రెండో ఫోను అందుకుని, జాబితాలో రెండో ఆసుపత్రి నంబరు మీద వేలు పెట్టి నొక్కడం మొదలుపెట్టింది.